బెంగళూరు డాబా మీద టీమ్ రోపింగ్: తాడు ఎంచుకోవడం నుంచి డాలీ దాకా

అమెరికా కౌబాయ్‌లు గుర్రాలతో, పశువులతో ఆడే పోటీల ప్రదర్శన రోడియో. అందులో ఇద్దరు జోడీగా దిగే పోటీ టీమ్ రోపింగ్ ఒక్కటే. ఒకరు హెడర్, ఇంకొకరు హీలర్. బోను తలుపు తెరుచుకోగానే కొమ్ముల కోడె పరుగు తీస్తుంది. బోనుకు ఎడమ పక్క బాక్సులోంచి హెడర్ గుర్రాన్ని ఉరికించి, కొమ్ములకు ఉచ్చు వేసి, జీను ముందు భాగంలో నిలబడి ఉండే హార్నుకు తాడు చుట్టి, కోడెను ఎడమకు మళ్ళిస్తాడు. కుడి బాక్సులోంచి వచ్చిన హీలర్ దాని వెనక కాళ్ళు రెండూ ఉచ్చులో పడేట్టు విసిరి తన హార్నుకు చుట్టేస్తాడు. గుర్రాలు రెండూ ఎదురెదురుగా నిలిచి, తాళ్ళలో వదులు లేకుండా పోయిన క్షణాన జెండా దిగుతుంది, గడియారం ఆగుతుంది. 2009లో చాడ్ మాస్టర్స్, జేడ్ కోర్కిల్ జోడీ ఇదంతా 3.3 సెకన్లలో ముగించింది.

ఆ మూడు సెకన్ల కోసం చేసే సాధనలో చాలా భాగం గుర్రమెక్కక ముందే, నేల మీద, కదలని డమ్మీ ఎదుట జరుగుతుంది. అందుకే మారతహళ్ళిలోనో కె.ఆర్.పురంలోనో అద్దె ఇంట్లో ఉంటున్నవాళ్ళు కూడా దీన్ని సక్రమంగా మొదలుపెట్టవచ్చు. కావలసింది ఒక మంచి తాడు, ఒక డమ్మీ, రోజుకు అరగంట. ఆవు గానీ ఎద్దు గానీ అక్కర్లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి: వీధిలో తిరిగే పశువుల మీదో, ఊరికి వెళ్ళినప్పుడు మన దొడ్లో కోడెల మీదో తాడు విసిరి చూడకండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఇక్కడ వర్తిస్తుంది. జల్లికట్టుకు, కంబళకు 2017లో చేసిన సవరణలను సుప్రీంకోర్టు 2023 మేలో సమర్థించింది కదా అనుకోవద్దు, అవి ఆ ఆటలకే పరిమితం. చట్టం సంగతి అలా ఉంచినా, అలవాటు లేని పశువు మెడకు ఉచ్చు పడితే అది పరుగెత్తి కాలు విరగ్గొట్టుకుంటుంది, లేదా తాడు పట్టుకున్న మనిషిని ఈడ్చుకుపోతుంది.

కింద చెప్పినవన్నీ కుడిచేతివాటం వాళ్ళకు.

తాడు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే అల్లిక తాడు, బట్టలారేసే నైలాన్ తాడు, పశువుల పలుపు, ఏదీ పనికిరాదు. వాటికి ఒళ్ళు ఉండదు. అంటే ఉచ్చు గాలిలో తెరుచుకుని నిలబడదు, మెత్తగా వాలిపోతుంది. అది తెరుచుకోవడం కోసం మీరు చేత్తో అతిగా బలం పెడతారు, ఆ అలవాటు తర్వాత వదిలించుకోవడం కష్టం.

రోపింగ్ తాడు మూడు గానీ నాలుగు గానీ పేటలు గట్టిగా పురిపెట్టి చేసినది. నైలాన్, లేదా నైలాన్ పాలియెస్టర్ కలిపిన నూలు. మందం సుమారు 3/8 అంగుళం, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. హెడర్ తాడు 30 అడుగుల చుట్టుపక్కల ఉంటుంది, హీలర్ తాడు 35 అడుగులు. బిరుసును బట్టి వాటికి పేర్లు: ఎక్స్‌ట్రా సాఫ్ట్, సాఫ్ట్, మీడియం సాఫ్ట్, మీడియం, హార్డ్ మీడియం. కొమ్ముల చుట్టూ వంగి బిగుసుకోవాలి కాబట్టి హెడర్లు మెత్తటి వైపు ఉంటారు. కాళ్ళ ముందు ఉచ్చు తెరుచుకుని నిలబడాలి కాబట్టి హీలర్లు బిరుసు వైపు. మొదటి తాడు ఒక్కటే కొనాలంటే సాఫ్ట్ హెడ్ రోప్ కొనండి. అమెరికా నుంచి వచ్చే బంధువులుంటే వాళ్ళ సూట్‌కేసులో ఒకటి తెప్పించుకోవడం అన్నిటికన్నా తేలిక. బరువు పెద్దగా ఉండదు, చుట్టగా సర్దుకుంటుంది.

అది వచ్చేదాకా ఆగలేకపోతే 10 మిల్లీమీటర్ల మూడు పేటల పురి నైలాన్ తాడు 10 మీటర్లు తీసుకోండి, అల్లిక తాడు మాత్రం కాదు. ఒక కొసన చిన్న ముడి వేసి మంటతో అంచు కరిగించండి, లేకపోతే పేటలు విడిపోతాయి. ఆ కొస నుంచి ఒక అడుగు లోపల వదులుగా మామూలు ముడి ఒకటి వేయండి. ఇప్పుడు ముడి ఉన్న కొసను ఆ వదులు ముడిలోంచి వెనక్కి దూర్చి బిగించండి. చిన్న కన్నులాంటి వలయం మిగులుతుంది. ఇదే హోండా. తాడు రెండో కొస ఇందులోంచి దూరితే ఉచ్చు తయారు. హోండా కన్ను గుడ్డు ఆకారంలో, మూడు నాలుగు అంగుళాల పొడవుంటే చాలు. కొన్న తాడులో ఈ కన్ను లోపల పచ్చితోలుతోనో ప్లాస్టిక్‌తోనో బర్నర్ అనే తొడుగు ఉంటుంది. తాడు జారేటప్పుడు పుట్టే రాపిడికి హోండా తెగిపోకుండా కాపాడేది అదే. చేత్తో వేసిన ముడికి ఆ రక్షణ లేదు కాబట్టి ఆ తాడు డమ్మీకి తప్ప దేనికీ వాడకూడదు.

తాడు ఎండకు మెత్తబడుతుంది, చలికి బిరుసెక్కుతుంది. పార్కు చేసిన కారు డిక్కీలో మార్చి, ఏప్రిల్ నెలల్లో వదిలేస్తే పాడవుతుంది. ఒకే సైజు చుట్టలుగా చుట్టి గుండ్రటి సంచిలో పెట్టండి, మేకుకు వేలాడదీస్తే మేకు దగ్గర వంపు పడిపోతుంది.

డమ్మీ

ప్లాస్టిక్ కోడె తలను గడ్డిమోపుకు గుచ్చి వాడటం అమెరికాలో పద్ధతి. ఇక్కడ వడ్రంగులు చెక్క కోయడానికి వాడే నాలుగు కాళ్ళ స్టాండు బాగా పనికొస్తుంది. పొడవు నాలుగడుగులు. ముందు కొసన మూడడుగుల ఎత్తులో తలగా ఒక ప్లైవుడ్ ముక్క, దానికి రెండు పక్కలా 40 మిల్లీమీటర్ల పీవీసీ పైపుతో కొమ్ములు. కొమ్ము మొదట 45 డిగ్రీల ఎల్బో వేస్తే పక్కకు వెళ్ళి కాస్త పైకి, ముందుకు వంగుతుంది. తిన్నగా పక్కకు పెట్టిన కొమ్ముల మీద సాధన చేస్తే ఉచ్చు జారిపోయే తప్పు మీకు కనబడనే కనబడదు. ఒక్కో కొమ్ము పది పన్నెండు అంగుళాలు చాలు.

వెనక కాళ్ళకు అడుగున్నర పైపు ముక్కలు రెండు, మధ్యలో పది అంగుళాల ఎడం. అవి నేలకు తగలకూడదు. గిట్టల కింద మూడు అంగుళాల ఖాళీ ఉండాలి, అప్పుడే ఉచ్చు కిందుగా వెళ్ళి బిగుసుకుంటుంది. స్టాండు కాళ్ళకు చెరో ఇసుక మూట కట్టండి, లేకపోతే తాడు లాగిన ప్రతిసారీ డమ్మీ మీ మీదికి వస్తుంది.

డాబా మీద పెట్టేముందు తల పైకెత్తి చూడండి. పక్కనుంచి పోయే కరెంటు తీగలు, కేబుల్ వైర్లు ఉంటే అక్కడ వద్దే వద్దు. సోలార్ హీటర్ గొట్టాలు, సింటెక్స్ ట్యాంకు పైపులు ఉచ్చుకు చిక్కే వస్తువులు. చుట్టూ 15 అడుగుల ఖాళీ కావాలి. సిమెంటు నేల తాడును గీకేస్తుంది కాబట్టి డమ్మీ చుట్టూ పాత జంఖానా పరవండి. పిల్లలు పరుగెత్తుతుంటే వాళ్ళ మీద సరదాకు కూడా ఉచ్చు వేయవద్దు, వేయనివ్వవద్దు. మెడకు పడిన ఉచ్చు లాగితే బిగుసుకుంటుంది, దానంతట అది వదులు కాదు.

చుట్టలు, తిప్పడం

ఎడమచేతిలో చుట్టలు, కుడిచేతిలో ఉచ్చు. చుట్టలు మూడు నాలుగు, జానెడున్నర వెడల్పున, ఒకదాని మీద ఒకటి వరసగా. చుట్టేటప్పుడు ప్రతి చుట్టకూ కుడి బొటనవేలితో తాడును కొంచెం మెలితిప్పాలి. ఆ మెలి ఇవ్వకపోతే చుట్ట గుండ్రంగా పడక ఎనిమిది అంకెలా మడతపడుతుంది. అలా మడతపడ్డ చుట్ట విసిరేటప్పుడు చేతికి చిక్కుకుంటుంది. గుర్రం మీద ఉన్నప్పుడు ఆ చిక్కు వేళ్ళు తెంపగలదు. అందుకే చుట్టలను అరచేతిలో తెరిచి పట్టుకోవడం, ఎప్పుడూ చేతికి చుట్టుకోకపోవడం డమ్మీ దగ్గరే అలవాటు కావాలి.

ఉచ్చు సైజు: చేయి భుజమెత్తున చాచి పట్టుకుంటే ఉచ్చు అడుగు నేలను తాకీ తాకనట్టుండాలి. కుడిచేతిలో ఉచ్చు పేట, తాడు పేట రెండూ కలిపి పట్టుకోవాలి. చేతికీ హోండాకూ మధ్య దూరాన్ని స్పోక్ అంటారు. మొదట్లో అది అడుగున్నర నుంచి రెండడుగులు పెట్టుకోండి. మరీ పొట్టిగా ఉంటే ఉచ్చు తెరుచుకోదు, మరీ పొడుగైతే హోండా బరువుకు ఉచ్చు కొస, అంటే చేతికి దూరంగా ఉండే అంచు, తేలిపోతుంది.

ఇప్పుడు తలపైన తిప్పండి. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా, మీ ముందర కుడినుంచి ఎడమకు పోవాలి. చేలో పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పినవాళ్ళకు ఈ ఊపు వెంటనే అర్థమవుతుంది. తేడా ఒక్కటే. వడిసెల ఒకే దిశలో గిరగిరా తిరిగితే చాలు, ఇక్కడ మణికట్టు ప్రతి చుట్టులోనూ తిరగాలి. చేయి ముందుకొచ్చినప్పుడు అరచేయి కిందికి, వెనక్కి పోయినప్పుడు పైకి. మణికట్టు తిరక్కుండా మోచేయి మాత్రమే తిరిగితే తాడు మెలికలు పడి ఉచ్చు మూసుకుపోతుంది. ఉచ్చు మీ చెవికి కొట్టుకుంటోందంటే చేయి తల మీదికి వచ్చేసిందని అర్థం, దాన్ని కుడి భుజం పైకి జరపండి. చేతిలో పట్టు వదులుగా ఉండాలి. పిడికిలి బిగిస్తే తాడు బరువు వేళ్ళకు తెలియదు, కొస ఎక్కడుందో ఊహించుకోవలసి వస్తుంది.

మొదటి వారమంతా విసరకుండా తిప్పడమే చేయండి. ఇది విసుగనిపిస్తుంది, అయినా చేయండి. ఉచ్చు కొస ఎక్కడుందో కళ్ళు మూసుకుని కూడా చెప్పగలిగినప్పుడు విసరడం మొదలుపెట్టవచ్చు.

కొమ్ములకు వేయడం

డమ్మీ ఎడమ తొంటికి సూటిగా, ఏడెనిమిది అడుగుల వెనక నిలబడండి. గుర్రం మీద హెడర్ ఉండే చోటు అదే. తిప్పేటప్పుడు ఉచ్చు ముందు భాగం కిందికి వాలి ఉండాలి, కొస కొమ్ములవైపు చూపించాలి. చూపు కుడి కొమ్ము మొదలు మీద పెట్టండి. ఉచ్చు కింది పేట కుడి కొమ్ము వెనక మొదట్లో తగలాలి, కొస ముందుగా దాటుకుంటూ పోయి ఎడమ కొమ్మును చుట్టుకోవాలి. వదిలేటప్పుడు చేయి చాచి, అరచేయి కిందికి, వేళ్ళు గురివైపు. బంతి విసిరినట్టు విసరొద్దు. ఎప్పటిలాగే తిప్పుతూ ఒక చుట్టులో వేళ్ళు వదిలేయండి, వేగం అంతే ఉండాలి.

ఉచ్చు ఎడమ కొమ్ము మీదినుంచి జారిపోతోందంటే కొస ఎత్తుగా వెళ్తోంది, చేయి త్వరగా ఆగిపోతోంది. వదిలాక కూడా చేయి గురివైపే ఉండాలి. కుడి కొమ్మే తప్పిపోతోందంటే ఆలస్యంగా వదులుతున్నారు, కింది పేట ఎడమకు కొట్టుకుపోతోంది. ఉచ్చు ముక్కు మీద పడుతోందంటే దూరం తప్పు, ఒక అడుగు వెనక్కి జరగండి. మెడకు పడినా, ఒక కొమ్మూ ముక్కూ కలిపి పడినా పోటీలో చెల్లుతుంది, రెండు కొమ్ములకు పడటం సరే సరి. ఇంకెలా పడినా పట్టు కాదు.

పడిన వెంటనే వదులు లాగాలి. తాడును పట్టుకుని చేతిని కుడి తొంటి వెనక్కి తిన్నగా తీసుకురండి. పైకి లాగితే బిగియకముందే ఉచ్చు కొమ్ముల మీదినుంచి లేచిపోతుంది. రోజుకు వంద విసుర్లు, ప్రతి విసురుకూ వదులు లాగడం కూడా కలిపి లెక్క. ఉచ్చు పడగానే సంతోషించి చేయి దించేసే అలవాటు పడితే గుర్రం మీద పట్టులన్నీ జారిపోతాయి.

కాళ్ళకు వేయడం

కళగా చూస్తే ఇదే పెద్దది. హీలర్ కూడా డమ్మీ ఎడమ తొంటికి పక్కగా, ఇంకా దగ్గరగా నిలబడతాడు. ఉచ్చును కాళ్ళ మీదికి విసరడు, కాళ్ళ ముందు నిలబెడతాడు. కొస పొట్ట కిందినుంచి అవతలికి పోవాలి, కింది పేట నేల మీద, పై పేట మోకీళ్ళ వెనక ఆనాలి. ఉచ్చు తలుపులా తెరుచుకుని ఉంటే పరుగెత్తే కోడె కాళ్ళు ముందుకు వేసి తానే అందులోకి దూకుతుంది.

నిజం కోడె వెనక కాళ్ళు రెండూ కలిసి ఎగురుతూ పడుతూ ఒక తాళంలో కదులుతాయి. హీలర్ తన తిప్పుడును ఆ తాళానికి కలుపుతాడు. డమ్మీకి తాళం లేదు కాబట్టి మీరే నోటితో ఒకటి, రెండు అని లెక్కపెడుతూ రెండు అన్నప్పుడే వదలండి. అందరూ చేసే తప్పు తొందరగా లాగడం. ఉచ్చు పడగానే లాగితే కాళ్ళు లోపలికి రాకముందే మూసుకుపోతుంది. డమ్మీ దగ్గర ఉచ్చును పెట్టి ఒక క్షణం చూసి, రెండు కాళ్ళూ లోపల ఉన్నాయని కంటికి తెలిశాకే లాగండి. ఒక్క కాలే పడితే ప్రొఫెషనల్ రోడియోలో 5 సెకన్లు అదనంగా వేస్తారు. 3, 4 సెకన్లలో తేలే ఆటలో 5 సెకన్లంటే ఆ రోజు పోయినట్టే.

డాలీ, బొటనవేలు

హార్నుకు తాడు చుట్టడాన్ని డాలీ అంటారు, స్పానిష్ మాట నుంచి వచ్చింది. టీమ్ రోపింగ్‌లో అన్నిటికన్నా ప్రమాదమైన పని ఇదే. తాడు ఆ చివర వందల కిలోల పశువు, ఈ చివర అంతకు రెట్టింపు బరువున్న గుర్రం, మధ్యలో మీ చేయి. బొటనవేలు తాడుకూ హార్నుకూ మధ్య పడితే తెగిపోతుంది. క్లే ఓబ్రయన్ కూపర్‌తో కలిసి 7 ప్రపంచ టైటిళ్ళు గెలిచిన జేక్ బార్న్స్ అంతటివాడు 2005లో, ఏడాది చివర జరిగే నేషనల్ ఫైనల్స్ రోడియోలో డాలీ వేస్తూ కుడి బొటనవేలు పోగొట్టుకున్నాడు.

అందుకని డాలీ కూడా నేల మీదే నేర్చుకోవాలి. మూడంగుళాల మందం కొయ్యముక్కను బరువైన స్టూలుకు గట్టిగా బిగించి, నిలబడ్డ మీ బొడ్డు ఎత్తుకు వచ్చేట్టు పెట్టండి. పంక్చర్ షాపులో పాత ట్యూబు అడిగి అంగుళం వెడల్పు రబ్బరు పట్టీలు కోసి కొయ్యకు చుట్టండి. నిజం హార్నుకూ రబ్బరు ఇలాగే చుడతారు, తాడు జారకుండా పట్టుకోవడానికి. జోడీ మనిషి ఆ కొస పట్టుకుని మెల్లగా వెనక్కి నడుస్తుంటే మీరు తాడును గడియారం ముల్లుకు ఎదురు దిశలో చుట్టండి. బొటనవేలు ఎప్పుడూ పైకి. తాడు పట్టిన చేయి హార్నుకు జానెడు దూరంలో ఉండాలి, ఆనించకూడదు. కనీసం ఒక పూర్తి చుట్టు, వీలైతే రెండు. హార్నువైపు చూడకండి, చూపు తాడు పోయే వైపే ఉంచండి. తాడు చేతిలోంచి లాగేస్తోందంటే వదిలేయండి. కోడె పోతే పోతుంది, ఇంకోటి వస్తుంది. కుడిచేతికి నూలు గ్లవ్ తొడుక్కోండి, దాని మీద కాస్త బేబీ పౌడర్ చల్లితే తాడు పట్టుకోకుండా సాఫీగా జారుతుంది.

చూడకుండా, వరుసగా ఇరవైసార్లు తప్పు లేకుండా చుట్టగలిగేదాకా గుర్రం మీద డాలీ ఊసెత్తవద్దు.

గుర్రం

బెంగళూరులో ఎంబసీ ఇంటర్నేషనల్ రైడింగ్ స్కూల్ లాంటి చోట్ల నేర్పేది డ్రెస్సేజ్, జంపింగ్. ఆ జీనుకు హార్ను ఉండదు. దానికి తాడు కట్టడం, చుట్టడం ఏ పరిస్థితిలోనూ కుదరదు. కానీ రోపర్‌కు కావలసిన కూర్చోవడం అక్కడ చక్కగా వస్తుంది. శిక్షకుడికి ముందే చెప్పి ఇవి అడగండి: పగ్గాలు ఎడమచేతిలోనే పట్టుకుని తిప్పడం, కేంటర్ అనే మధ్యరకం పరుగులో కుడిచేయి తలపైన ఉంచినా నడుము ఊగకుండా కూర్చోవడం, మాటకూ బరువుకూ గుర్రాన్ని ఆపడం. ఈ మూడూ వస్తే సగం పని అయినట్టే. రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్‌లు తాడు కదలికకు బెదురుతాయి కాబట్టి శిక్షకుడు ఒప్పుకోకుండా గుర్రం మీద తాడు తీయవద్దు. అమెరికాలో ఈ ఆటకు వాడేది ఎక్కువగా క్వార్టర్ హార్స్, పావు మైలు పరుగులో వేగానికి ఆ పేరు వచ్చింది.

జోడీ, నియమాలు, అక్కడి బతుకు

కోడెకు కొంత దూరం ముందు ఇస్తారు. హెడర్ ముందు అడ్డంగా కట్టిన బారియర్ అనే తాడు తెంచుకుని తొందరగా దూసుకొస్తే 10 సెకన్ల జరిమానా. హెడర్ కోడెను మళ్ళించకముందే హీలర్ విసిరితే క్రాస్‌ఫైర్ అంటారు, పట్టు చెల్లదు. కాబట్టి హెడర్ పని కొమ్ములకు వేయడంతో అయిపోదు. కోడెను కుదుపు లేకుండా ఒకే వేగంలో ఎడమకు తీసుకెళ్ళాలి. గబుక్కున లాగితే దాని వెనక కాళ్ళ తాళం చెదిరి, హీలర్ ఎంత మంచివాడైనా తప్పిపోతాడు. బెంగళూరులో జోడీగా సాధన చేసేవాళ్ళు వారం వారం స్థానాలు మార్చుకోవాలి. అవతలివాడి కష్టం తెలిస్తేనే మీ పని మెరుగవుతుంది.

తాడు రాపిడి తగలకుండా కోడె కొమ్ముల మొదళ్ళ చుట్టూ హార్న్ ర్యాప్ తొడుగుతారు. ఎక్కువగా వాడేది కొరియెంటె జాతి. మన ఒంగోలు, కృష్ణా లోయ పశువుల రక్తం కలిసిన అమెరికన్ బ్రాహ్మన్ జాతి కూడా ఆ దేశపు పశువుల కొట్టాల్లో కనిపిస్తుంది, తెలుగువాళ్ళకు అది చూడముచ్చటే.

ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్ళు వారాంతాల్లో జాక్‌పాట్ పోటీలకు వెళ్తారు. ప్రతి రోపర్‌కూ నైపుణ్యాన్ని బట్టి ఒక అంకె ఇస్తారు, జోడీ అంకెల మొత్తం ఆ పోటీకి పెట్టిన హద్దు దాటకూడదు. అలా కొత్తవాళ్ళు కొత్తవాళ్ళతోనే పోటీపడతారు. ప్రవేశ రుసుములు కూడబెట్టిందే చాలావరకు బహుమతి. ప్రొఫెషనల్స్ జీవితం వేరు. జులై 4 చుట్టుపక్కల రోజులను కౌబాయ్ క్రిస్మస్ అంటారు, అప్పుడు గుర్రాలను ట్రైలర్‌లో ఎక్కించుకుని రాత్రంతా నడుపుతూ ఒక రోడియో నుంచి ఇంకో రోడియోకు పరుగెడతారు. ఏడాది సంపాదనలో మొదటి 15 మంది హెడర్లు, 15 మంది హీలర్లు డిసెంబరులో లాస్ వేగాస్‌లో జరిగే నేషనల్ ఫైనల్స్‌లో పది రౌండ్లు ఆడతారు. ఎక్కడున్నా ముందు గుర్రానికి నీళ్ళు, మేత, కాళ్ళు తడిమి వాపు చూడటం, ఆ తర్వాతే మనిషి భోజనం.

డల్లాస్ దగ్గర మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి చూడటానికి వెళ్ళే వీలు చాలా కుటుంబాలకు ఉంటుంది. ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌లో 1908లో కట్టిన కౌటౌన్ కొలీసియంలో వారాంతాల్లో రోడియో జరుగుతుంది. బాక్సుల వైపు సీటు తీసుకుంటే బారియర్, తొలి విసురు దగ్గరగా కనిపిస్తాయి. నేర్చుకోవాలంటే అదే టెక్సాస్‌లోని స్టీఫెన్‌విల్ ఊరి చుట్టుపక్కల రోపింగ్ శిక్షణ ఇచ్చే రాంచ్‌లు (పశువుల క్షేత్రాలు) ఉన్నాయి. వెళ్ళేముందు ప్రయాణ బీమా పత్రం తీసి గుర్రపు స్వారీకి, పశువులతో ఆటలకు వర్తిస్తుందో లేదో చదవండి, చాలా పాలసీల్లో అవి మినహాయింపులో ఉంటాయి. మడమ ఉన్న బూట్లు తీసుకెళ్ళండి, మడమ లేకపోతే కాలు రికాబులోంచి అవతలికి దూరిపోతుంది. అక్కడి శిక్షకుడికి మీరు డమ్మీ మీద ఎన్ని నెలలు సాధన చేశారో, గుర్రం మీద ఎన్ని గంటలు కూర్చున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన దాన్నిబట్టే గుర్రాన్నీ, కోడెనూ ఎంచుతాడు.